ఎయిర్‌కూల్డ్ పోర్షే 911: హీటరు, ఏసీ, ఇంజన్ మార్పులు

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పోర్షే కంపెనీ 1964 నుంచి 1998 దాకా తయారుచేసిన 911 కార్లకు రేడియేటర్ ఉండదు, నీళ్ల పంపు ఉండదు. వెనక ఇరుసు అవతల అమర్చిన ఆరు సిలిండర్ల ఇంజన్‌ను ఒక ఫ్యాను తోసే గాలీ, లోపల తిరిగే ఆయిలూ కలిసి చల్లబరుస్తాయి. ఆ తర్వాత వచ్చిన 911లన్నీ నీళ్ల ఇంజన్లే. పాతవాటిని కొనేవాళ్లు, నడిపేవాళ్లు, విప్పి బాగుచేసేవాళ్లు అమెరికా, జర్మనీ, బ్రిటన్, జపాన్‌లలో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వాళ్లు చేయించే మార్పులు ఎక్కువగా మూడింటి చుట్టూ తిరుగుతాయి: చలికాలంలో క్యాబిన్‌ను వెచ్చబరిచే హీటరు, ఎండాకాలంలో చల్లబరిచే ఏసీ, ఇంజన్ శక్తి.

నీళ్ల కారులో ఈ మూడు పనులనూ ముగ్గురు మెకానిక్కులకు విడివిడిగా అప్పజెప్పవచ్చు. 911లో అలా కుదరదు. సిలిండర్ల మీదికి పోయే గాలి, క్యాబిన్‌లోకి వచ్చే వేడిగాలి, ఇంజన్ మూత మీది ఏసీ కండెన్సర్ గుండా లాగబడే గాలి, మూడూ ఆ ఒక్క ఫ్యాను చలవే. ఒకచోట చెయ్యి పెడితే మిగతా రెండూ కదులుతాయి. శక్తి కోసం హీటరు పీకేసినవాడు డిసెంబరులో వణుకుతాడు. చల్లదనం కోసం ఏసీ పెట్టించినవాడి ఇంజన్ జూలై ట్రాఫిక్‌లో ఉడుకుతుంది. ఏ మార్పయినా మంచిదా చెడ్డదా అన్నది ఈ లెక్క చూసుకున్నాకే తేలుతుంది.

చల్లబడే తీరు

1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఈ కారు 901 అనే పేరుతో కనిపించింది. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో అభ్యంతరం చెప్పడంతో 911 అయింది. మొదటి ఇంజన్ 1991 సీసీ, 130 హార్స్‌పవర్. దాని రూపకల్పనలో పెద్ద చెయ్యి హాన్స్ మెట్స్‌గర్ అనే ఇంజనీరుది. సిలిండర్లు నిలబడి ఉండవు. మూడు ఇటు, మూడు అటు పడుకొని ఉంటాయి. ప్రతి సిలిండర్ చుట్టూ, హెడ్ చుట్టూ పల్చటి ఫిన్లు. వాటి నడుమ, ఇంజన్ నెత్తిన, నిలువుగా ఒక గుండ్రటి ఫ్యాను. దాని బొడ్డులోనే ఆల్టర్నేటర్ ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ పుల్లీ నుంచి వచ్చే ఒకే బెల్టు రెంటినీ తిప్పుతుంది. అందుకే డాష్‌బోర్డు మీద ఛార్జింగ్ ఎర్రదీపం వెలిగితే 911 యజమాని వెంటనే బండి పక్కకు ఆపాలి. వేరే కారయితే బ్యాటరీ మీద నెట్టుకుంటూ ఇంటికి చేరవచ్చు. ఇక్కడ తెగిన బెల్టుతో నడిపితే ఇంజన్ మాడిపోతుంది. 1989 నాటి 964 మోడల్‌లో ఫ్యానుకొకటి, ఆల్టర్నేటర్‌కొకటి చొప్పున బెల్టులు వేరుచేశారు.

ఫ్యాను కింద ఫైబర్‌గ్లాస్ తొడుగు ఒకటి ఉంటుంది. గాలి ఎటుపడితే అటు పోకుండా సిలిండర్ల మీదికే దిగేలా చేసేది అదే. ఇంజన్ చుట్టూ అంచుల వెంబడి రేకులు, వాటికీ బాడీకీ నడుమ రబ్బరు పట్టీ ఉంటాయి. పైన చల్లగాలి, కింద వేడిగాలి, రెండూ కలవకూడదు. మన బజాజ్ చేతక్ స్కూటర్ ఇంజన్ మీది కవరు తీసేసి నడిపితే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఈ రేకుల విలువ వేరే చెప్పక్కర్లేదు. అయినా పాత 911 ఇంజన్ దింపినప్పుడు తిరిగి బిగించకుండా వదిలేసే వస్తువుల్లో ఈ రేకులే ముందుంటాయి. తుప్పు పట్టాయనో, పట్టీ దొరకలేదనో మెకానిక్ పక్కన పెడతాడు. కింది వేడిగాలి పైకి వచ్చి ఫ్యానులోకే తిరిగి చేరుతుంది. అలాంటి బండికి ఖరీదైన ఆయిల్ కూలరు పెట్టడం డబ్బు దండగ. ఏ మార్పుకైనా ముందు ఆ రేకులు, పట్టీలు, ఫిన్ల మధ్య పేరుకున్న ఆయిల్ మట్టి చూసుకోవాలి.

గాలి చేసేది సగం పనే. హెడ్లలో, పిస్టన్ల కింద పుట్టే వేడిలో పెద్ద వాటాను ఆయిలు మోసుకుపోతుంది. ఈ ఇంజన్‌లో అడుగున ఆయిల్ చట్టి ఉండదు. కుడి వెనక చక్రం దగ్గర విడిగా ఒక ట్యాంకు ఉంటుంది. ఒక పంపు ఇంజన్‌లోంచి ఆయిలు లాగి ట్యాంకుకు పంపితే, ఇంకొకటి ట్యాంకులోంచి తెచ్చి ఒత్తిడితో ఇంజన్‌కు ఇస్తుంది. మోడల్‌ను బట్టి మొత్తం ఆయిలు 9 నుంచి 13 లీటర్ల దాకా పడుతుంది. దాని మట్టం చూసే పద్ధతి కూడా వేరు: బండి సమతలంగా నిలబెట్టి, ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో ఉండగానే కొలబద్ద తీసి చూడాలి. చల్లటి ఇంజన్‌లో చూసి తక్కువుందని పోస్తే, వేడెక్కాక పొంగి ఎయిర్ ఫిల్టర్ దాకా తడుస్తుంది. 1972 మోడల్‌లో ఈ ట్యాంకును వెనక చక్రానికి ముందుకు జరిపి, మూతను బాడీ బయట, కుడి తలుపు వెనకాల పెట్టారు. పెట్రోలు బంకుల్లో కుర్రాళ్లు దాన్ని చూసి అందులో పెట్రోలు కొట్టేవారని అంటారు. మరుసటి ఏడే ఆ ఏర్పాటు పోయింది.

2.7 ఇంజన్ తెచ్చిన తంటా

ఇంజన్ పరిమాణం 1970 మోడల్‌కు 2.2 లీటర్లు, 1972కు 2.4 అయింది. 1973 కారెరా ఆర్‌ఎస్‌లో 2.7 లీటర్లతో 210 హార్స్‌పవర్ వచ్చింది. 1974 నుంచి మామూలు కార్లకూ 2.7 ఇచ్చారు. వేడి లెక్క తప్పితే ఏం జరుగుతుందో ఆ ఇంజన్‌ను చూసే తర్వాతివాళ్లంతా నేర్చుకున్నారు.

దాని క్రాంక్‌కేస్ మెగ్నీషియంది. తేలిక కోసం 2 లీటర్ల రోజుల్లోనే ఎంచుకున్న లోహం అది. సిలిండర్లు పెరిగి 90 మిల్లీమీటర్ల బోరుకు వచ్చేసరికి వాటి మధ్య మిగిలిన లోహం పల్చబడింది. అదే సమయంలో అమెరికాలో పొగ నిబంధనలు బిగిశాయి. 1975 నుంచి అక్కడికి వెళ్లిన కార్లకు, మొదట కాలిఫోర్నియా కార్లకు, ఎగ్జాస్ట్ దగ్గర థర్మల్ రియాక్టర్లు పెట్టారు. కాలకుండా మిగిలిన ఇంధనాన్ని సైలెన్సర్‌కు చేరకముందే కాల్చేసే డబ్బాలివి. అంటే హెడ్ల కిందనే ఎప్పుడూ మండుతున్న కొలిమి. పైగా పదకొండు రెక్కల ఫ్యాను తీసి అయిదు రెక్కలది పెట్టారు. వేడి పెరిగినచోట గాలి తగ్గించారన్నమాట. మెగ్నీషియం వ్యాకోచించి, సిలిండర్ హెడ్లను పట్టి ఉంచే స్టడ్ల మరలు జారిపోయాయి. హెడ్ వదులై ఒక పక్క టపటప చప్పుడు మొదలయ్యేది.

ఈ ఇంజన్‌కు తర్వాత స్థిరపడిన వైద్యం మార్పుల పాఠం లాంటిది. క్రాంక్‌కేసులో జారిన రంధ్రాలను పెద్దవి చేసి ఉక్కు ఇన్సర్ట్‌లు బిగిస్తారు. జారని వాటికీ అదే చేస్తారు, ఎందుకంటే ఈసారి కాకపోతే వచ్చేసారి. రియాక్టర్లు తీసి 1974 దాకా ఉన్న పద్ధతి ఎగ్జాస్ట్ పెడతారు. పదకొండు రెక్కల ఫ్యాను తిరిగి వస్తుంది. ముందు ఫెండర్‌లో ఆయిల్ కూలరు చేరుతుంది. ఒక్కటే చేసి మిగతావి వదిలేస్తే ఏడాదో రెండేళ్లో గడిచాక మళ్లీ ఇంజన్ దించాల్సిందే. ఒకప్పుడు కాణీకి కొరగానివని వదిలేసిన 2.7 కార్లు ఇలా బాగుచేస్తే లక్షణంగా నడుస్తాయి. 1978లో వచ్చిన 911 ఎస్‌సీ 3 లీటర్ల ఇంజన్‌కు అల్యూమినియం క్రాంక్‌కేస్ ఇచ్చి కంపెనీ ఆ బాధ తీర్చింది. అయితే అందులో వాడిన డిలావర్ అనే మిశ్రలోహపు స్టడ్లు కొన్ని తుప్పు పట్టి విరిగేవి. ఎస్‌సీ కొనేవాళ్లు వాల్వ్ కవరు విప్పించి స్టడ్లు చూడకుండా బేరం తెమల్చరు.

ఆయిల్ కూలరు

ఇంజన్‌కే అతికించి ఫ్యాను గాలిలో ఉండే కూలరు అన్ని 911లకూ ఉంది. రెండోది, ముందు కుడి ఫెండర్‌లో ఉండేది, 1969 నాటి 911 ఎస్‌తో మొదలైంది. ఆయిలు చల్లగా ఉన్నంతసేపు ముందుకు పోదు. 80 డిగ్రీలు దాటాక కుడి వెనక చక్రానికి ముందున్న థర్మోస్టాట్ తెరుచుకుని దారి ఇస్తుంది. ఆయిలు అక్కడి నుంచి కారు అడుగున, తలుపు కిందుగా పైపుల్లో ముందుకు వెళ్లి చల్లబడి వెనక్కి వస్తుంది. కొన్నేళ్లు కంపెనీ పెట్టింది వంపు తిప్పిన ఒట్టి గొట్టమే, దాన్నే ఆంగ్ల దేశాల మెకానిక్కులు ట్రోంబోన్ అని ముద్దుగా పిలుస్తారు. అది ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. దాని తర్వాత 28 ఇత్తడి గొట్టాల కూలరు, ఆపైన రేడియేటర్‌లా ఫిన్లున్నది, 1984లో మొదలైన కారెరా 3.2 మోడల్ చివరి ఏళ్లలో దానికి ఎలక్ట్రిక్ ఫ్యాను వచ్చాయి. మార్పు కోరేవాళ్లు నేరుగా ఆ చివరిదాన్నే పెడతారు. రేసు కార్లలోనయితే కూలరు ముందు బంపరు మధ్యలో ఉంటుంది. ఎదురుగాలి నేరుగా తగలడంతో అక్కడే బాగా పనిచేస్తుంది, కానీ బంపరు కోయాలి.

కాగితం మీద ఇది సాయంత్రం పని. బండి కిందకు దూరితే వేరే కథ. థర్మోస్టాట్ అల్యూమినియం, దానికి బిగించిన పైపుల నట్లు ఇంకో లోహం. చక్రం విసిరే నీళ్లు, ఐరోపా రోడ్ల మీద చలికాలంలో చల్లే ఉప్పు నలభై ఏళ్లు తగిలాక రెండూ ఒకటైపోతాయి. మెకానిక్ రెండు పెద్ద పానాలు ఎదురెదురుగా పట్టి, గ్యాస్ మంటతో నట్టును వేడిచేసి, నూనె కొట్టి, మళ్లీ వేడిచేసి తిప్పుతాడు. నట్టు కదిలినట్టు అనిపిస్తుంది. చూస్తే కదిలింది నట్టు కాదు, మరతో సహా థర్మోస్టాట్ మెడ. అనుభవమున్నవాళ్లు అందుకే కష్టపడరు. పైపు విలువ తక్కువ గనక నట్టును నిలువునా రంపంతో కోసి థర్మోస్టాట్‌ను కాపాడుకుంటారు.

ఆయిలు వేడి ఎంతుండాలి అన్నదానికి మెకానిక్కులందరూ ఒకే అంకె చెప్పరు. 90 నుంచి 100 డిగ్రీల మధ్య నిశ్చింత. 120 దాటిందంటే తగ్గించి నడపాలి అన్నది దాదాపు అందరూ ఒప్పుకునే మాట. మరీ చల్లగా ఉండటమూ మంచిది కాదు. ఆయిల్లో చేరిన తేమ ఆవిరయ్యేంత వేడెక్కకపోతే లోపల తుప్పు పడుతుంది. చలిదేశంలో రేసు కూలరు పెట్టించుకుని, చలికాలంలో దాని ముందు అట్టముక్క అడ్డం పెట్టుకునేవాళ్లు ఉన్నారు.

హీటరు

నీళ్ల కారులో ఇంజన్ చుట్టూ తిరిగే వేడినీళ్లను క్యాబిన్‌లోని చిన్న రేడియేటర్‌లోకి మళ్లిస్తే హీటరు అయిపోతుంది. 911లో నీళ్లు లేవు గనక ఎగ్జాస్ట్ గొట్టాల వేడినే వాడుకోవాలి. ప్రతి పక్కా మూడు ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ ఒక రేకు పెట్టె ఉంటుంది. అదే హీట్ ఎక్స్‌ఛేంజర్. ఫ్యాను గాలిలో కొంత ఆ పెట్టెలోకి మళ్లి, ఎర్రగా కాగుతున్న గొట్టాలను తాకుతూ వేడెక్కి, ఒక తలుపు పెట్టె దాకా వస్తుంది. ముందు సీట్ల మధ్య హ్యాండ్‌బ్రేక్ పక్కన ఉన్న మీట ఎత్తితే తీగ లాగి ఆ తలుపు తెరుచుకుంటుంది. వేడిగాలి కారు అంచుల్లోని గొట్టాల గుండా కాళ్ల దగ్గరికీ, అద్దం మీదికీ వస్తుంది. మీట దించితే గాలి కిందికి, రోడ్డు మీదికి పోతుంది. వోక్స్‌వ్యాగన్ బీటిల్ హీటరు కూడా ఇదే సూత్రం మీద నడిచేది.

ఈ పద్ధతికి పుట్టుకతోనే రెండు లోపాలున్నాయి. ఇంజన్ వేగాన్ని బట్టి వేడి మారుతుంది. హైవే మీద సాక్సులు కాలేంత, సిగ్నల్ దగ్గర ఏమీ లేనంత. దీనికి విరుగుడుగా తర్వాతి మోడళ్లలో ఇంజన్ గదిలో ఒక ఎలక్ట్రిక్ బ్లోయర్, క్యాబిన్ వేడిని కొలిచి తలుపులను తానే కదిపే ఏర్పాటు వచ్చాయి. అంతకుముందు జర్మనీలో డబ్బున్నవాళ్లు వెబాస్టో, ఎబర్‌స్పేకర్ కంపెనీల పెట్రోలు హీటర్లు వేయించుకునేవారు. ఇంజన్ ఆపేసినా అవి పనిచేస్తాయి.

రెండో లోపం ప్రాణం మీదికి తెచ్చేది. క్యాబిన్‌లోకి వచ్చే గాలికీ, ఎగ్జాస్ట్ పొగకూ మధ్య అడ్డం ఒక్క గొట్టం గోడే. ఆ గోడ తుప్పు పట్టి చిల్లు పడితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా కాళ్ల దగ్గరికి వస్తుంది. దానికి వాసన లేదు. తలనొప్పి, మగత వచ్చేసరికే ఆలస్యమవుతుంది. అందుకని పాత హీట్ ఎక్స్‌ఛేంజర్లున్న బండిలో బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవడం తప్పనిసరి అనే చెప్పాలి. ఈ వ్యాసంలో చెప్పిన వస్తువులన్నిటిలోకీ చవకైనదీ, అక్కరకొచ్చేదీ అదే.

క్యాబిన్‌లో ఆయిల్ కమురు వాసన వస్తే కారణం వేరు. సిలిండర్ హెడ్ల మీది క్యామ్‌షాఫ్ట్ పెట్టెల నుంచి ఆయిలు క్రాంక్‌కేసుకు తిరిగి చేరడానికి అడుగున చిన్న గొట్టాలున్నాయి. వాటి రబ్బరు రింగులు ఎండి, బొట్టు బొట్టుగా ఆయిలు కింద ఉన్న వేడి పెట్టె మీద పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే వెనకాల సన్నటి నీలిపొగ లేచేది అందుకే. ఆ గొట్టాలు మార్చాలంటే మామూలుగా హెడ్లు విప్పాలి. ఒకదాన్లోకి ఒకటి జొచ్చే రెండు ముక్కల గొట్టాలు దొరకడం మొదలయ్యాక ఆ బాధ తప్పింది. పాతదాన్ని నలిపి లాగేసి, కొత్తదాన్ని మడిచి లోపల పెట్టి సాగదీస్తారు. హీట్ ఎక్స్‌ఛేంజర్లు ఎప్పుడు దించినా ఈ పని కూడా కానిచ్చేయాలి.

హీట్ ఎక్స్‌ఛేంజర్ల మార్పుకు వచ్చేసరికి శక్తి ప్రసక్తి కూడా వస్తుంది. 1974 దాకా ఉన్న డిజైన్‌లో రెండు పక్కల గొట్టాలూ సమానంగా, సాఫీగా సైలెన్సర్‌కు వేర్వేరుగా చేరేవి. 1975 నుంచి ఒక పక్క పొగను రెండో పక్కకు దాటించి ఒకే దారిలో పంపారు. శ్వాస బిగిసింది. అమెరికాలో ఎస్‌ఎస్‌ఐ పేరుతో దొరికే స్టెయిన్‌లెస్ స్టీల్ హీట్ ఎక్స్‌ఛేంజర్లు పాత డిజైన్‌నే తుప్పు పట్టని లోహంలో తిరిగి తెచ్చాయి. ఎస్‌సీకి గానీ 3.2కి గానీ అవి పెట్టి, రెండు దారుల సైలెన్సర్ బిగిస్తే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, హీటరూ నిలుస్తుంది. ఆయిల్ పైపులు మాత్రం అడ్డొస్తాయి. వాటినీ పాత పద్ధతికి మార్చాలి. రేసు గొట్టాలు పెడితే ఇంకాస్త శక్తి వస్తుంది గానీ హీటరు ఉండదు. రోడ్డు మీద తిరిగే బండికి ఆ బేరం గిట్టదనే నా అభిప్రాయం. ఆవిరి పట్టిన అద్దాన్ని గుడ్డతో తుడుచుకుంటూ నడపడంలో వీరత్వమేమీ లేదు.

పనిలో అసలు పరీక్ష హెడ్లకు ఎక్స్‌ఛేంజర్లను బిగించే నట్లు. ఒక్కో సిలిండర్‌కు రెండు చొప్పున పన్నెండు. కొన్ని నట్లకు నేరుగా పానా అందదు. పెట్టెలోని రంధ్రం గుండా పొడుగు అలెన్ కీ దూర్చి తిప్పాలి. బలంగా తిప్పితే స్టడ్ విరిగి ముక్క హెడ్‌లో ఉండిపోతుంది. మంటతో ఎర్రబడేదాకా వేడిచేసి, కాస్త విప్పి, కాస్త బిగించి, మళ్లీ విప్పాలి. స్టడ్ విరిగితే డ్రిల్లుతో తవ్వి తీయాలి, డ్రిల్లు పక్కకు జారితే హెడ్ పాడవుతుంది.

ఏసీ

911 ఏసీకి ఉన్న చెడ్డపేరు ఊరికే రాలేదు. కంప్రెసర్ వెనక ఇంజన్ మీద ఉంటుంది, గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ ముందు డిక్కీ దగ్గర ఉంటుంది. మధ్యన కారు పొడుగునా రబ్బరు గొట్టాలు వెళ్లి రావాలి. ఒక కండెన్సర్ వెనక ఇంజన్ మూతకు, జాలీ కింద. రెండోది ముందు బంపరు కింద. మూతకున్నదానికి సొంత ఫ్యాను లేదు. ఇంజన్ ఫ్యాను లాగే గాలే దాని గుండా రావాలి. ట్రాఫిక్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి తక్కువ, అప్పుడే ఏసీ అవసరం ఎక్కువ. ఆ కండెన్సర్ వదిలిన వేడి బయటికి పోదు. కింద ఉన్న ఫ్యానులోకి, అక్కడి నుంచి సిలిండర్ల మీదికి పోతుంది. ఏసీ వేసుకుంటే ఆయిల్ ముల్లు పైకి కదలడానికి కారణం ఇదే.

పాత ఏసీలో ఆర్-12 గ్యాసు వాడేవారు. ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంతో దాని తయారీ ఆగింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ పోస్తే ఏసీ పనిచేస్తుంది, కానీ అదే చల్లదనానికి పెద్ద కండెన్సర్ అడుగుతుంది. పాత కంప్రెసర్‌లోని మినరల్ ఆయిలు కొత్త గ్యాసులో కలవదు. కడిగి వేరే రకం పోయాలి. పాత రబ్బరు గొట్టాల గోడల్లోంచే గ్యాసు కొద్దికొద్దిగా ఇంకిపోతుంది. ఏటా వేసవి మొదట్లో గ్యాసు కొట్టించుకునే యజమానులకు ఆ రహస్యం తెలియక కాదు, గొట్టాలు మార్పించాలంటే కారు అడుగంతా విప్పాలి గనక.

సరైన మార్పు గొట్టాలతోనే మొదలవుతుంది. లోపల నైలాన్ పొర ఉన్న కొత్తరకం గొట్టాలు వేస్తారు. పాత యార్క్ పిస్టన్ కంప్రెసర్ బరువెక్కువ, తిరిగేటప్పుడు ఇంజన్‌ను అదిరిస్తుంది. దాని బదులు సాండెన్ లాంటి చిన్న కంప్రెసర్ బిగిస్తారు. కండెన్సర్లను సన్నటి దారులు సమాంతరంగా ఉండే రకానికి మారుస్తారు. వీటన్నిటి కంటే ముఖ్యమైనది సొంత ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్న మరో కండెన్సర్‌ను ఫెండర్‌లో పెట్టడం. బండి ఆగినా గాలి ఆడుతుంది. అప్పుడు మూత మీది కండెన్సర్‌ను తీసేయవచ్చు కూడా. ఇంజన్‌కు శుభ్రమైన చల్లగాలి తిరిగి దక్కుతుంది. 911 టర్బో మోడలైన 930లో 1978 నుంచి మూత కింద ఇంటర్‌కూలర్ కూర్చుంది గనక అక్కడ చోటు కోసం ముందు నుంచీ పోటీ ఉంది. ఈమధ్య కరెంటుతో తిరిగే కంప్రెసర్‌ను ముందు డిక్కీలోనే పెట్టేస్తున్నారు. పొడుగు గొట్టాలు, ఇంజన్ మీద బరువు రెండూ పోతాయి. కానీ ఆ కరెంటు పాత ఆల్టర్నేటర్ ఇవ్వలేదు, దాన్నీ పెద్దది చేయాలి.

ఎంత చేసినా డాష్‌బోర్డులోని గాలి ద్వారాలు చిన్నవి, బ్లోయర్ బలహీనం. రెండింటినీ మార్చే కిట్లు ఉన్నాయి. అద్దాలకు ఎండను ఆపే ఫిల్మ్ వేయించడం వాటికంటే తక్కువ ఖర్చులో ఎక్కువ పని చేస్తుంది.

ఇంజన్

శక్తి పెంచేముందు చేయాల్సిన పని టైమింగ్ చైను టెన్షనర్లు మార్చడం. ఈ ఇంజన్‌లో రెండు పక్కలా రెండు చైన్లు. పాత టెన్షనర్ చతికిలబడితే చైను పళ్లు దాటి వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. 1984 కారెరా 3.2కి కంపెనీ ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనర్లు ఇచ్చింది. అవి పాత ఇంజన్లకూ సరిపోతాయి.

ఎస్‌సీ మీద మొదట తగిలే అడ్డు కె-జెట్రానిక్ అనే బాష్ ఇంజెక్షన్. లోపలికి వచ్చే గాలి ఒక పళ్లేన్ని ఎంత ఎత్తితే అంత పెట్రోలు వదిలే పద్ధతి అది. పదునైన క్యామ్‌షాఫ్ట్ వేస్తే గాలి వెనక్కి తన్ని పళ్లెం వణుకుతుంది, ఇంజన్ ఐడ్లింగ్‌లో నిలవదు. చల్లటి ఇంజన్ బ్యాక్‌ఫైర్ కొడితే ప్లాస్టిక్ ఎయిర్‌బాక్స్ పగిలిపోతుంది కూడా. అందుకు చిన్న స్ప్రింగ్ మూత ఒకటి అతికించుకుంటారు. కాబట్టి క్యామ్ మార్చాలంటే ఇంజెక్షన్ మారాలి. ఒకప్పుడు వెబర్ కార్బొరేటర్లు పెట్టేవారు, ఇప్పుడు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో థ్రాటిల్, వాటికి కంప్యూటర్ ఇంజెక్షన్ పెడుతున్నారు. కార్బొరేటర్ల చప్పుడు వినసొంపే గానీ పెట్రోలు మీటరు వైపు చూడకూడదు.

ఎస్‌సీ 3 లీటర్ల ఇంజన్‌లో 95 మిల్లీమీటర్ల పిస్టన్ల బదులు 98వి వేస్తే స్ట్రోకు మారకుండానే 3186 సీసీ వస్తుంది. షార్ట్ స్ట్రోక్ 3.2 అని దీన్ని ఇష్టపడేవాళ్లు ఎక్కువ. కంప్రెషన్ పెంచితే రెండో ప్లగ్గు ఆలోచించాలి. ఈ హెడ్‌లో మంట ఒక పక్క మొదలై అవతలి పక్కకు చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆలోపు మిగిలిన ఇంధనం తానే పేలి నాకింగ్ వస్తుంది. నాకింగ్ అంటే వేడి. రెండు పక్కలా ప్లగ్గులు వెలిగిస్తే మంట త్వరగా పూర్తవుతుంది, ఇగ్నిషన్‌ను అంత ముందుకు జరపక్కర్లేదు. రేసు ఇంజన్లలో ఎప్పటినుంచో ఉన్న ఈ పద్ధతిని 964లో కంపెనీయే టర్బో లేని కార్లన్నిటికీ ఇచ్చింది.

964లోని 3.6 లీటర్ల, 250 హార్స్‌పవర్ ఇంజన్‌ను పాత బాడీలో దించడం మరో దారి. ఇంజన్ పునాది ఒకటే వంశం గనక బిగింపులు దాదాపు సరిపోతాయి. మిగతావి సరిపోవు: క్లచ్, ఆయిల్ పైపులు, హీట్ ఎక్స్‌ఛేంజర్లు, వైరింగు. 1972 నుంచి వచ్చిన 915 గేరుబాక్సు ఆ టార్కుకు ఇబ్బంది పడుతుంది. 1987 నాటి జీ50 గేరుబాక్సు తట్టుకుంటుంది గానీ పొడుగెక్కువ. పాత బాడీలో టార్షన్ బార్ గొట్టాన్ని కోసి అతకాలి. సుమారు 1,100 కిలోల బండికి ఇంత శక్తి వచ్చాక పాత బ్రేకులతో ఊరుకోకూడదు.

ఈ దారిని చివరిదాకా నడిచినవాళ్లూ ఉన్నారు. జర్మనీలో ఫాఫెన్‌హౌజెన్‌కు చెందిన అలోయిస్ రూఫ్ కంపెనీ 1987లో తెచ్చిన సీటీఆర్‌కు రెండు టర్బోలతో 469 హార్స్‌పవర్. ఇటలీలోని నార్డో ట్రాక్ మీద అది గంటకు 342 కిలోమీటర్లు అందుకుంది. 2009లో కాలిఫోర్నియాలో రాబ్ డికిన్‌సన్ మొదలుపెట్టిన సింగర్ సంస్థ 964లను పూర్తిగా విప్పి కొత్తగా కడుతుంది. బ్రిటన్‌కు చెందిన విలియమ్స్ సంస్థ ఇంజనీర్లతో కలిసి అది చేసిన 4 లీటర్ల ఇంజన్‌లో సిలిండర్‌కు నాలుగు వాల్వులు, 500 హార్స్‌పవర్. సలహా ఇచ్చినవారిలో వృద్ధుడైన మెట్స్‌గర్ కూడా ఉన్నాడు. నాలుగు వాల్వుల హెడ్‌లో వాటి మధ్య గాలి పోవడానికి చోటు బాగా తక్కువ. అందుకే పోర్షే తన 959 కారులో సిలిండర్లను గాలికి వదిలి హెడ్లకు నీళ్లు పెట్టింది. 1998లో గాలి ఇంజన్‌ను వదిలేయడానికి పొగ, చప్పుడు నిబంధనలతో పాటు ఇదీ ఒక కారణం.

చట్టం, విలువ

కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకు పొగ పరీక్ష లేదు; 1976 నుంచి ఉంది. ఒకే తరహా 2.7 కార్లు, ఒకటి 1975ది, ఇంకొకటి 1976ది, పక్కపక్కన నిలబడితే మొదటిదాని థర్మల్ రియాక్టర్ తీయవచ్చు, రెండోదానిది తీస్తే పరీక్షలో పోతుంది. జర్మనీలో 1997 నుంచి ముప్పై ఏళ్లు దాటిన కార్లకు హెచ్ అక్షరంతో ప్రత్యేక నంబరు ప్లేటు ఇస్తారు. ఆ కాలంలో వాడుకలో ఉన్న మార్పులను ఒప్పుకుంటారు, కొత్తకాలపు వాటిని ఒప్పుకోరు. వెబర్ కార్బొరేటర్లకు అనుమతి దొరికినచోట కంప్యూటర్ ఇంజెక్షన్‌కు దొరక్కపోవచ్చు.

అమ్మకాల దగ్గర మొదట అడిగేది ఇంజన్ నంబరు. కారుతో పుట్టిన ఇంజన్ కారులోనే ఉంటే ధర ఒకటి, 3.6 దించి ఉంటే ఇంకొకటి. అందుకని ఇంజన్ మార్చినవాళ్లు పాతదాన్ని చెక్కపెట్టెలో భద్రపరుస్తారు. విప్పిన హీట్ ఎక్స్‌ఛేంజర్లు, యార్క్ కంప్రెసర్, మూత మీది కండెన్సర్ కూడా పారేయరు. ఆయిల్ కూలరు, టెన్షనర్లు, మరల ఇన్సర్ట్‌ల వంటి మార్పులకు మాత్రం ఏ కొనుగోలుదారూ ధర తగ్గించడు. బిల్లులు చూపిస్తే కాస్త ఎక్కువే ఇస్తాడు.